గుండె పేరు మోసే జఠర భాగం

పెళ్ళి భోజనం చేసి వచ్చి నడుం వాల్చిన పెద్దవాళ్ళు కాసేపటికే లేచి కూర్చుని, ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని "గుండెల్లో మంటగా ఉంది, కాస్త మజ్జిగ ఇవ్వమ్మా" అనడం మీరు వినే ఉంటారు. సాధారణంగా ఆ మంటకూ గుండెకూ సంబంధం ఉండదు. జీర్ణాశయంలో ఉండవలసిన ఆమ్లం పైకి ఎగదన్ని ఆహారవాహిక అడుగు భాగాన్ని తాకినప్పుడు పుట్టే మంట అది. అయితే ఈ తికమక మనకొక్కరికే పరిమితం కాదు. పూర్వపు గ్రీకులు గుండెనూ, జీర్ణాశయపు పై ద్వారాన్నీ 'కార్డియా' అనే ఒక్క మాటతోనే పిలిచారు. ఆ పేరే నేటికీ నిలిచింది. మీ జీవశాస్త్ర పాఠంలో 'హార్దిక జఠరం' అని చదివి, పొట్టలోకి హృదయం ఎలా వచ్చిందా అని ఆశ్చర్యపడి ఉంటే కారణం ఇదే.

ఈ వ్యాసం జీర్ణాశయపు ఆ పై భాగం గురించే. ముందుగా దాని పటాన్ని ఒకసారి మనసులో గీసుకోండి. ఆహారవాహిక వచ్చి కలిసే చోట సన్నని పట్టీలా ఉండేది హార్దిక భాగం. దాని వెడల్పు కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే. కొందరిలో ఒకటి రెండు సెంటీమీటర్లు. దాని కింద విశాలంగా ఉండేది జఠర దేహం. హైడ్రోక్లోరికామ్లాన్ని తయారుచేసే కణాలు ఉండేది ఇక్కడే. అన్నిటికన్నా కిందది చిన్నపేగులోకి దారితీసే నిర్గమ భాగం. ఈ మూడింటికీ లోపలివైపు శ్లేష్మ పొర ఉంటుంది. పైకి ఒకే పొరలా కనిపించినా, సూక్ష్మదర్శిని కింద చూస్తే మూడు చోట్లా కణాల అమరిక వేరు.

ఈ పొరకు వాపు వస్తే దాన్ని గ్యాస్ట్రైటిస్ అంటారు. వాపు అనగానే బెణికిన మడమలా ఉబ్బి ఉంటుందని అనుకోకండి. పొరలోకి తెల్ల రక్తకణాలు గుంపులుగా చేరి, ఏదో శత్రువుతో పోరాడుతున్నాయని దాని అర్థం. ఆ పోరాటం ఏళ్ళ తరబడి సాగితే పొర చిక్కిపోతుంది. ఆపైన మరీ వింతైన మార్పు ఒకటి వస్తుంది. జఠర కణాలు ఉండవలసిన చోట పేగు కణాలు మొలుస్తాయి. ఉప్పునీరు చేరిన వరిచేలో కొన్నాళ్ళకు వరి పోయి ఉప్పుగడ్డి మొలిచినట్లన్నమాట. దీన్ని మెటాప్లాసియా అంటారు. ఇది దానికదే జబ్బు కాదు. చాలామందిలో అక్కడితో ఆగిపోతుంది. కానీ కొద్దిమందిలో క్యాన్సర్ వైపు సాగే దారిలో ఇదొక మజిలీ. అందుకే ఈ మార్పు ఎందుకు వస్తుందన్న ప్రశ్నకు అంత ప్రాముఖ్యం. ఆ ప్రశ్నకు వైద్యశాస్త్రం ఒకటికి నాలుగుసార్లు తప్పు సమాధానం చెప్పింది. ఆ తప్పులు జరిగిన తీరు తెలుసుకోదగినది.

శవం చెప్పిన అబద్ధం

కడుపులో పులుపు పుట్టి బాధించడం మన పూర్వులకు తెలియనిది కాదు. మాధవ నిదానంలో 'ఆమ్లపిత్తం' పేరిట ఒక అధ్యాయమే ఉంది. అందులో పైకి ఎగసేది, కిందికి దిగేది అని రెండు రకాలు చెప్పారు. ఐరోపాలో గ్యాస్ట్రైటిస్ అనే మాటను 18వ శతాబ్దంలో జర్మన్ వైద్యుడు స్టాల్ వాడాడు. 19వ శతాబ్దం మొదట్లో ఫ్రాన్సులో బ్రూసే అనే వైద్యుడు బయలుదేరి, దాదాపు సకల రోగాలకూ మూలం జీర్ణాశయం, పేగుల వాపేనని ప్రకటించాడు. ఆయన మందు జలగలు. పొట్ట మీద జలగలు వదిలి రక్తం పీల్పించేవారు. ఆ రోజుల్లో ఫ్రాన్సు ఏటా కోట్ల సంఖ్యలో జలగలను దిగుమతి చేసుకునేదంటే ఆ పిచ్చి ఎంత ముదిరిందో ఊహించుకోండి. పిచ్చి తగ్గాక వైద్యులు రెండో కొసకు పోయారు. గ్యాస్ట్రైటిస్ అనేదే లేదు పొమ్మన్నారు.

వారి వాదనకు ఒక ఆధారం లేకపోలేదు. 1772లో లండన్‌లో జాన్ హంటర్ ఒక సంగతి రుజువు చేశాడు. మనిషి చనిపోయాక అతని జఠరరసం తన జీర్ణాశయాన్ని తానే అరిగించుకుంటుంది. అలాంటప్పుడు శవపరీక్షలో కనిపించే చితికిన పొర బతికుండగా వచ్చిన జబ్బా, చచ్చాక జరిగిన అరుగుదలా? తేల్చేదెలా?

బతికున్న మనిషి జీర్ణాశయంలోకి తొంగిచూసే అవకాశం అమెరికాలో విలియం బోమాంట్ అనే సైనిక వైద్యుడికి దక్కింది. 1822 జూన్ 6న మాకినాక్ దీవిలో అలెక్సిస్ సెంట్ మార్టిన్ అనే యువకుడికి ప్రమాదవశాత్తు తుపాకీ పేలి ఎడమవైపు పొట్ట చీలిపోయింది. ప్రాణం దక్కింది కానీ రంధ్రం పూడలేదు. ఆ రంధ్రం గుండా బోమాంట్ దారానికి కట్టిన మాంసం ముక్కలు లోపలికి దించి, ఎంతసేపటికి అరుగుతాయో లెక్కకట్టాడు. 1833లో అచ్చయిన ఆయన పుస్తకంలో అటువంటివి రెండు వందలకు పైగా ప్రయోగాలున్నాయి. అందరూ చెప్పుకునేది ఆ అరుగుదల లెక్కల గురించే. మన కథకు కావలసింది వేరే. సెంట్ మార్టిన్ ఎనిమిది పది రోజులు తెగతాగిన తర్వాత బోమాంట్ లోపలికి చూస్తే, మామూలుగా లేత గులాబీ రంగులో మఖమల్‌లా ఉండే పొర మీద ఎర్రని మచ్చలు, పుండ్లలాంటి గుర్తులు కనిపించాయి. అయినా ఆ మనిషికి నొప్పి లేదు! పొర ఎంత వాచినా మనిషికి తెలియకపోవచ్చు. మనిషి ఎంత బాధపడినా పొర బాగానే ఉండవచ్చు. ఈ సంగతి ఇప్పటికీ చాలామందికి తెలియదు.

సెంట్ మార్టిన్ గురించి ఒక్క మాట చెప్పక తప్పదు. పేదవాడైన అతన్ని బోమాంట్ ఏడాదికి ఇంతని ఒప్పందం రాయించుకుని ప్రయోగవస్తువుగా ఉంచుకున్నాడు. అతను మధ్యలో ఇల్లు చేరి పెళ్ళి కూడా చేసుకున్నాడు; మళ్ళీ పిలిపించారు. 1880లో అతను చనిపోయినప్పుడు, వైద్యులు శవాన్ని ఎత్తుకుపోతారన్న భయంతో కుటుంబం దేహం కుళ్ళేదాకా ఆగి, లోతైన గోతిలో పాతిపెట్టింది. జీర్ణక్రియ పాఠం వెనుక ఈ మనిషి కూడా ఉన్నాడని గుర్తుంచుకోండి.

హంటర్ వేసిన చిక్కుముడిని విప్పింది డెన్మార్క్ వైద్యుడు నుడ్ ఫేబర్. 1900 ప్రాంతంలో ఆయన చేసిన పని వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. రోగి చనిపోయిన వెంటనే పొట్టలోకి ఫార్మలిన్ ఎక్కించాడు. కణజాలం ఎక్కడిదక్కడ బిగిసిపోయి, అరుగుదల ఆగిపోయింది. అలా భద్రపరచిన పొరలను కోసి చూస్తే వాపు నిజంగానే ఉంది, పొర చిక్కిపోవడమూ నిజమే. లేదన్న జబ్బు తిరిగి వచ్చింది.

సొంత ఇంటి మీద దాడి

ఇంతలో మరో వైపు నుంచి ఒక ఆధారం దొరుకుతూ వచ్చింది. 1849లో లండన్ వైద్యుడు థామస్ ఆడిసన్ ఒక భయంకరమైన రక్తహీనతను వర్ణించాడు. రోగి పాలిపోయి, నీరసించి, చివరికి చనిపోవడమే. 1870లో శామ్యూల్ ఫెన్విక్ అలాంటి రోగుల జీర్ణాశయాలు పరీక్షించి, వాటి పై భాగంలోని గ్రంథులు పూర్తిగా చిక్కిపోయాయని చూపాడు. రక్తం తక్కువ కావడానికీ జీర్ణాశయపు పొరకూ ఏమిటి సంబంధం?

దీనికి జవాబు చెప్పిన ప్రయోగం కాస్త అసహ్యం పుట్టిస్తుంది. భోజనానికి కూర్చోబోతున్నవారు ఈ పేరా తర్వాత చదవవచ్చు. 1920ల చివర బోస్టన్‌లో విలియం కాజిల్ అనే యువ వైద్యుడు తానే సగం ఉడికిన గొడ్డుమాంసం తిని, గంట తర్వాత కక్కి, దాన్ని గొట్టం ద్వారా రోగుల కడుపులోకి పంపాడు. రోగులలో ఎర్ర రక్తకణాలు పెరిగాయి. అదే మాంసం నేరుగా పెడితే పెరగలేదు. అంటే ఆరోగ్యవంతుడి జీర్ణాశయం తయారుచేసే ఏదో పదార్థం రోగులలో లేదు. దానికి 'అంతర కారకం' అని పేరు పెట్టారు. ఆహారంలోని బి12 విటమిన్‌ను పేగు పీల్చుకోవడానికి తోడ్పడేది అదే. ఆమ్లాన్ని తయారుచేసే కణాలే దాన్నీ తయారుచేస్తాయి. ఆ కణాలు ఉండేది పై జఠరంలో.

ఇక్కడ మనవాడొకరు కనిపిస్తారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1930లలో హార్వర్డ్‌లో ఉండగా, ఈ రక్తహీనతను నయంచేసే పదార్థాన్ని కాలేయం నుంచి శుద్ధి చేయడానికి శ్రమించాడు. తర్వాత లెడర్లీ సంస్థలో ఆయన నాయకత్వంలో 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు. ఫోలిక్ ఆమ్లం ఈ రోగుల రక్తాన్ని మెరుగుపరచింది కానీ నరాల దెబ్బను ఆపలేకపోయింది. అసలు పదార్థమైన బి12 వేరుపడింది 1948లో. సుబ్బారావు కన్నుమూసిన సంవత్సరమూ అదే.

ఆ కణాలను చంపుతున్నదెవరు? 1960లలో సమాధానం దొరికింది. శరీరపు సొంత రక్షణ వ్యవస్థే! రోగుల రక్తంలో ఆ కణాల మీద పనిచేసే ప్రతిరక్షకాలు కనిపించాయి. 1973లో ఆస్ట్రేలియాకు చెందిన స్ట్రిక్లాండ్, మెక్కే గ్యాస్ట్రైటిస్‌ను రెండుగా విడదీశారు. పై జఠరాన్ని పట్టేది, ప్రతిరక్షకాలతో కూడినది 'ఎ' రకం. కింది నిర్గమ భాగాన్ని పట్టేది 'బి' రకం. 'బి' రకానికి కారణమేమిటో వారికి తెలియదు. కానీ వాపు ఎక్కడ ఉందన్నది కారణాన్ని పట్టిస్తుందన్న ఆలోచన మాత్రం ఇక్కడ స్థిరపడింది.

కత్తిసాము చేసే నోట్లోంచి గాజు పోగుదాకా

ఇంతకూ బతికున్నవారి పొరను చూసేదెలా? అందరికీ తుపాకీ రంధ్రాలు ఉండవు కదా. 19వ శతాబ్దంలో కత్తులు మింగే గారడీవాళ్ళను చూసి జర్మన్ వైద్యులు నిటారు గొట్టాలతో ప్రయత్నించారు. 1932లో మ్యూనిచ్‌లో రుడాల్ఫ్ షిండ్లర్ కొంత వంగే గ్యాస్ట్రోస్కోపును రూపొందించాడు. యూదు మూలాలున్నందుకు నాజీలు ఆయనను జైలులో పెట్టారు. విడుదలై అమెరికా చేరి ఆయన తన పని కొనసాగించాడు. కానీ ఆ గొట్టం మింగడం రోగికి నరకమే.

మార్పు భౌతికశాస్త్రం నుంచి వచ్చింది. పంజాబ్‌లోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ లండన్‌లో హెరాల్డ్ హాప్కిన్స్ దగ్గర పరిశోధన చేస్తూ, జుట్టులాంటి గాజు పోగుల కట్ట గుండా బొమ్మను పంపవచ్చని చూపాడు. వారి వ్యాసం 1954 జనవరిలో 'నేచర్' పత్రికలో వచ్చింది. అది చదివిన బాసిల్ హిర్షోవిట్జ్ అమెరికాలో అటువంటి పోగులతో మెత్తని గ్యాస్ట్రోస్కోపు చేయించి, 1957లో ముందు తానే మింగి చూశాడు. సంపూర్ణాంతర పరావర్తనం గురించి చదివేటప్పుడు ఈ ఉపయోగం మీరు గుర్తుచేసుకోవచ్చు.

ఈ పరికరం తేల్చిన సంగతుల్లో మన తెలుగువాళ్ళకు ప్రత్యేకంగా పనికొచ్చేది ఒకటుంది. కడుపు మంటకు మిరపకాయదే తప్పని మనకు గట్టి నమ్మకం. 1988లో అమెరికాలో డేవిడ్ గ్రాహం బృందం ఆరోగ్యవంతులైన కొద్దిమందికి ఘాటైన మిరపకాయలతో భోజనం పెట్టి లోపల చూసింది. పొర దాదాపు చెక్కుచెదరలేదు. అదే మనుషులకు చప్పిడి భోజనంతో ఆస్పిరిన్ ఇస్తే చాలామందిలో పొర గీరుకుపోయింది. పన్నెండు మంది మీద చేసిన చిన్న ప్రయోగమే ఇది. గుంటూరు కారం ఎంతైనా తినవచ్చని దీని అర్థం కాదు. మంట అనిపించడం వేరు, పొర చెడిపోవడం వేరు అని మాత్రం తెలుస్తుంది. చిన్న నొప్పికల్లా మందుల షాపులో మాత్ర కొని మింగే అలవాటు కారంకన్నా ప్రమాదకరం.

ఆమ్లం మీదే చూపు

గాజు పోగుల గొట్టం వచ్చినా వైద్యుల కళ్ళకు ఒక గంత కట్టి ఉంది. "ఆమ్లం లేనిదే పుండు లేదు" అని 1910లో క్రొయేషియా శస్త్రవైద్యుడు ష్వార్ట్జ్ చేసిన సూత్రీకరణ వేదవాక్యమైంది. ఆమ్లంలో ఏ సూక్ష్మజీవీ బతకదు గనుక జీర్ణాశయంలో క్రిములుండవని పాఠాలు చెప్పారు. వేల మందికి జీర్ణాశయంలో కొంత కోసివేశారు, నరాలు తెంపారు. 1976లో సిమెటిడిన్ అనే ఆమ్ల నివారిణి వచ్చాక కత్తి కొంత తగ్గింది కానీ ఆలోచన మారలేదు.

అసలు బాధ ఏమిటంటే, క్రిములను చూసినవారు లేకపోలేదు. 1893లో ఇటలీలో బిజొజెరో కుక్కల జీర్ణాశయాలలో మెలికల క్రిములు చూశాడు. 1940లో బోస్టన్‌లో ఫ్రీడ్‌బర్గ్, బారన్ కోసితీసిన మానవ జీర్ణాశయాలలో మూడోవంతుకు పైగా అలాంటివే చూశారు. 1954లో ఎడ్డీ పామర్ వెయ్యిమందికి పైగా రోగుల పొర ముక్కలు పరీక్షించి ఒక్క క్రిమీ లేదన్నాడు. ఆయన వాడిన రంగులో ఈ క్రిములు సరిగ్గా కనిపించవు. కనిపించే వెండి రంగు ఆయన వేయలేదు. అంత పెద్ద సంఖ్య చూసి లోకం నమ్మింది. పాతికేళ్ళపాటు ఆ తలుపు మూసుకుంది. లెక్క ఎంత పెద్దదన్నదానికన్నా చూసిన తీరు సరైనదా అన్నది ముఖ్యమని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ నాకు కనిపించదు.

1979 జూన్‌లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్ అనే రోగనిర్ధారణ నిపుణుడు ఒక పొర ముక్క అంచున నీలిరంగు గీత చూశాడు. వెండి రంగు వేస్తే అవి క్రిములు. వాపు ఉన్నచోటల్లా అవి ఉన్నాయి. రెండేళ్ళు ఎవరూ పట్టించుకోలేదు. 1981లో బారీ మార్షల్ అనే యువ వైద్యుడు ఆయనతో కలిశాడు. క్రిములను ప్రయోగశాలలో పెంచాలని ప్రయత్నిస్తే రెండు రోజుల్లో ఏమీ మొలవక పళ్ళేలు పారేసేవారు. 1982లో ఈస్టర్ సెలవుల వల్ల ఒక పళ్ళెం అయిదారు రోజులు అలాగే ఉండిపోయింది. తెరిచి చూస్తే క్రిములు పెరిగి ఉన్నాయి! అవి నెమ్మదిగా పెరిగే రకం, అంతే.

అయినా నమ్మనివారి కోసం 1984లో మార్షల్ ఆ క్రిముల ద్రవాన్ని తానే తాగేశాడు. కొద్ది రోజులకే వాంతులు మొదలయ్యాయి. పదో రోజున తీసిన పొర ముక్కలో తీవ్రమైన వాపు, దాని నిండా క్రిములు. మీలో ఎవరూ అనుకరించవలసిన పని కాదిది. 1989లో ఆ క్రిమికి హెలికోబాక్టర్ పైలోరీ అనే పేరు ఖాయమైంది. అది యూరియేజ్ అనే ఎంజైముతో యూరియా నుంచి అమ్మోనియా తయారుచేసి, తన చుట్టూ ఉన్న ఆమ్లాన్ని తటస్థం చేసుకుంటుంది. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. స్ట్రిక్లాండ్, మెక్కేలకు అంతుపట్టని 'బి' రకానికి ప్రధాన కారణం దొరికింది.

ఈ క్రిమి తొలుత ఆమ్లం తక్కువగా ఉండే కింది భాగంలో కాపురం పెడుతుంది. ఏ కారణం చేతనైనా ఆమ్లం తగ్గితే వాపు పై జఠరానికీ పాకుతుంది. ఆమ్లాన్ని తగ్గించే ఒమెప్రజోల్ మందును ఏళ్ళ తరబడి వాడుతున్న రోగులలో, ఈ క్రిమి ఉన్నవారికి జఠర దేహపు పొర చిక్కిపోతున్నదని 1996లో డచ్ పరిశోధకులు గమనించారు. ఈ ఫలితం మీద తర్వాత వాదోపవాదాలు జరిగాయి. ఏమైనా, అలాంటి మందు దీర్ఘకాలం వాడవలసినవారికి ముందు క్రిమిని నిర్మూలించడం మేలని వైద్య మార్గదర్శకాలు సూచించాయి.

కొండ మీదా, తీరం మీదా

వాపు నుంచి క్యాన్సర్ దాకా మెట్లను లెక్కపెట్టినవాడు కొలంబియాకు చెందిన పెలాయో కొర్రెయా. దీర్ఘకాలపు వాపు, పొర క్షీణత, పేగు కణాల మొలక, కణాల క్రమం తప్పడం, చివర క్యాన్సర్ అనే వరుసను 1975లో ఆయన బృందం ప్రతిపాదించింది. ఆయన దేశంలోనే ఒక పొడుపు కథ ఉంది. ఆండీస్ కొండలలో ఉండేవారికీ, పసిఫిక్ తీరంలో ఉండేవారికీ ఈ క్రిమి దాదాపు సమానంగా సోకుతుంది. కానీ జీర్ణాశయ క్యాన్సర్ కొండ మీదే ఎక్కువ.

మన దేశానిదీ అటువంటి కథే. హెలికోబాక్టర్ మన జనంలో విస్తారంగా ఉంది. దానికి తగ్గట్టు క్యాన్సర్ లేదు. కానీ ఈశాన్యానికి వెళ్ళండి. 2020లో వెలువడిన జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ నివేదికలో పురుషుల జీర్ణాశయ క్యాన్సర్‌కు దేశమంతటిలో మిజోరంలోని ఐజ్వాల్ జిల్లాదే మొదటి స్థానం. అక్కడ పొగాకు పొగను నీటిలోకి పంపి ఆ నీటిని పుక్కిట పట్టే 'తుయిబుర్' అనే అలవాటు ఉంది. పొగపట్టిన, ఉప్పు పెట్టిన మాంసమూ తింటారు. తుయిబుర్‌కూ ఈ క్యాన్సర్‌కూ సంబంధముందని అక్కడ జరిగిన అధ్యయనాలు చూపాయి. క్రిమి ఒక్కటే కథ కాదన్నమాట. క్రిమి జాతి, తినే ఉప్పు, పొగాకు, వంశలక్షణాలు కలిసి పనిచేస్తాయి.

సన్నని పట్టీ, ఇద్దరు అనుమానితులు

ఇప్పుడు మళ్ళీ గుండె పేరున్న ఆ పట్టీ దగ్గరకు వద్దాం. 1991లో అమెరికాలో ఒక విచిత్రమైన లెక్క బయటపడింది. జీర్ణాశయ క్యాన్సర్ మొత్తం మీద తగ్గుతూ వస్తుంటే, హార్దిక భాగంలోనూ, దాని పైనున్న ఆహారవాహిక అడుగునా వచ్చే రకం మాత్రం 1970ల నుంచి పెరుగుతోంది. క్రిమి తగ్గుతున్న దేశంలో ఈ పెరుగుదల ఏమిటి?

ఇద్దరు అనుమానితులు నిలబడ్డారు. 1997లో లాస్ ఏంజిలిస్ వైద్యులు, హార్దిక పట్టీలోని వాపు, పేగు కణాల మొలక పైకి ఎగదన్నే ఆమ్లం వల్లనే అన్నారు. మరుసటి ఏడే క్లీవ్‌లాండ్ వైద్యులు అదంతా హెలికోబాక్టర్ పని అన్నారు. ఇద్దరి చేతిలోనూ పొర ముక్కలున్నాయి! శ్రీలంక నుంచి వెళ్ళి లాస్ ఏంజిలిస్‌లో స్థిరపడిన పరాక్రమ చంద్రశోమ మరో అడుగు ముందుకు వేసి, హార్దిక పొర అనేది పుట్టుకతో ఉండనే ఉండదు, ఆమ్లం కాల్చిన ఆహారవాహిక పొరే అలా మారుతుంది అని వాదించాడు. గర్భస్థ పిండాలలో, చిన్నపిల్లలలో ఆ పొరను చూశామని ఇతరులు ఎదురు చెప్పారు. ఒక అవయవ భాగం అసలు ఉందా లేదా అని 21వ శతాబ్దంలో వాదించుకోవడం మీకు నవ్వు తెప్పించవచ్చు. కొన్ని మిల్లీమీటర్ల పట్టీ, గొట్టం తగలగానే కదిలిపోయే చోటు. ముక్క ఎక్కడిదో కచ్చితంగా చెప్పడమే కష్టం.

గ్లాస్గోలో కెన్నెత్ మెకాల్ బృందం ముక్కలు కోయడంతో ఊరుకోక ఆమ్లాన్నే కొలిచింది. భోజనం చేస్తే అన్నం కలిసి జీర్ణాశయంలో ఆమ్లత తగ్గాలి కదా. కింద తగ్గింది, కానీ పైన, సరిగ్గా హార్దిక భాగం వద్ద, అన్నంతో కలవని చిక్కటి ఆమ్లం గుంటలా నిలిచి ఉంది. ఇది 2001 నాటి మాట. పెళ్ళి భోజనం తర్వాత నడుం వాలిస్తే మంట ఎందుకో ఇప్పుడు అర్థమైందా? అదే బృందం మరో సంగతి చూపింది. ఆకుకూరల్లో, కూరగాయల్లో ఉండే నైట్రేట్ లాలాజలంలోకి చేరుతుంది. నాలుక మీది బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తాయి. అది మింగిన వెంటనే మొదట ఆమ్లాన్ని తాకేది ఈ పట్టీ దగ్గరే. అక్కడ నైట్రిక్ ఆక్సైడ్ పెద్ద మోతాదులో పుడుతుంది. కణాలను అది దెబ్బతీస్తుందా అన్నది ఇంకా రుజువు కావలసిన విషయం. ఆకుకూరలు మానుకోవలసిన పని లేదు.

2013లో వారు ఏ బాధా లేని, క్రిమి సోకని వాలంటీర్లను తీసుకుని నడుం కొలిచారు. పొట్ట పెద్దగా ఉన్నవారిలో హార్దిక పట్టీ పొడవుగా ఉంది, అందులో వాపు కణాలూ ఎక్కువగా ఉన్నాయి. పొట్ట లోపలి ఒత్తిడి ఆమ్లాన్ని పైకి నెడుతోంది, గొంతు దాకా రాకపోయినా సరే. మరుసటి ఏడాది నడుముకు బిగుతైన బెల్టు కట్టి చూస్తే, ఆ ఒత్తిడితో అలాంటి ఫలితమే కనిపించింది. వీరెవరికీ గుండెల్లో మంట లేదు. బోమాంట్ చూసిన సెంట్ మార్టిన్ పొర మళ్ళీ గుర్తుకు రావడం లేదూ?

మరి ఇద్దరు అనుమానితులలో దోషి ఎవరు? 2007లో నార్వేలో, క్యాన్సర్ రాకముందే ఎన్నో ఏళ్ళ కిందట దాచిన రక్త నమూనాలను పరీక్షించారు. హార్దిక క్యాన్సర్ వచ్చినవారు రెండు గుంపులుగా విడిపోయారు. ఒక గుంపులో క్రిమి సోకి, పొర చిక్కిపోయిన గుర్తులున్నాయి. రెండో గుంపులో క్రిమి లేదు, పొర ఆరోగ్యంగా ఉండి ఆమ్లం బాగా ఊరుతోంది. రెండు దారులూ ఒకే చోటికి చేరాయి. పొర ముక్కను మాత్రమే చూసి ఇది ఏ దారిన వచ్చిందో చెప్పలేం. జఠర దేహంలో ఏం జరుగుతోంది, నిర్గమ భాగంలో ఏముంది అన్నది కూడా చూడాలి. మొదటి దారిన వచ్చినవారికి క్రిమినాశక మందులు కావాలి, రెండోవారికి అవి పనికిరావు.

ఈ అవసరం గుర్తించే 1990లో సిడ్నీలో వైద్యులు సమావేశమై గ్యాస్ట్రైటిస్‌ను వర్ణించడానికి ఒక పద్ధతి ఏర్పరచారు. తర్వాత 1994లో హ్యూస్టన్‌లో దాన్ని సవరించారు. దాని ప్రకారం జీర్ణాశయంలో అయిదు చోట్ల నుంచి ముక్కలు తీసి, ఏది ఎక్కడిదో విడిగా రాయాలి. నిర్గమ భాగంలో రెండు, జఠర దేహంలో రెండు, రెండూ కలిసే మూలలో ఒకటి. లెక్కపెట్టి చూడండి. గుండె పేరున్న పట్టీ ఆ అయిదింటిలో లేదు.